ఐదు రంగులు, ఆరుగురు స్నేహితులు: ఇంట్లో తక్కువ ఖర్చుతో పెయింటింగ్ పార్టీ

“నాకు గీత కూడా తిన్నగా గీయడం రాదు. నేనొచ్చి ఏం చేస్తాను?”

మా ఇంట్లో పెయింటింగ్ పార్టీ ఉంది రమ్మని ఫోను చేస్తే అవతలినుంచి దాదాపు ప్రతిసారీ వినిపించే మాట ఇది. నా జవాబు కూడా ప్రతిసారీ ఒకటే. మనం వేయబోయే బొమ్మలో తిన్నని గీత ఎక్కడా లేదు. కొండ అంచుకు లేదు, మబ్బుకు లేదు, చెట్టుకొమ్మకు అసలే లేదు. పాత చొక్కా ఒకటి తెచ్చుకో, చాలు.

నేను చిత్రకళ చదువుకున్నదాన్ని కాదు. పని ముగిశాక ఇంట్లో కూర్చుని, వేసి, చెడగొట్టి, మళ్లీ వేసి నేర్చుకున్నదాన్ని. నాలుగేళ్లుగా మూడు నాలుగు నెలలకోసారి స్నేహితులను పిలిచి ఇలా బొమ్మలు వేయిస్తున్నాను. మొదటిసారి మాత్రం ఖర్చు తడిసి మోపెడైంది. మనిషికొకటి చొప్పున 24 చిన్న గొట్టాలున్న రంగుల సెట్లు, చెక్కకు బిగించిన కాన్వాసులు కొన్నాను. సాయంత్రానికి ప్రతి సెట్టులోనూ తెలుపు గొట్టం అయిపోయింది. మిగతావాటిలో చాలావాటి మూత కూడా ఎవరూ తీయలేదు. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. నా చిన్ననాటి స్నేహితురాలు ఆ తెల్లటి కాన్వాసు ముందు పెన్సిలు పట్టుకుని అరగంటకు పైగా కదలకుండా కూర్చుంది. ఏమైందని అడిగితే, “ఇంత ఖరీదైనదాన్ని పాడుచేస్తానేమోనని భయంగా ఉంది” అంది.

అప్పటినుంచి నా ఏర్పాట్లన్నీ ఆ భయాన్ని తీసేయడం చుట్టూనే సాగుతున్నాయి. ఆ ప్రయత్నంలోనే ఖర్చు కూడా తగ్గింది. చేతిలో ఉన్నది మామూలు అట్టముక్క అయితే, పోతే పోయిందని చెయ్యి ధైర్యంగా కదులుతుంది.

ఎంతమంది, ఏ వేళ

నాతో కలిపి ఆరుగురం. ఒక బల్ల చుట్టూ ఇంతకంటే ఎక్కువమంది పడితే మోచేతులు తగులుతాయి, నీళ్ల సీసాలు దొర్లుతాయి. పైగా ఎవరికి ఎక్కడ చెయ్యి ఆగిందో నేను చూసుకోగలిగేది ఐదుగురి వరకే. పదిమందిని పిలవాలని మనసు పడితే రెండు పూటలు పెట్టుకోండి. రంగులూ కుంచెలూ ఎలాగూ అవే.

సమయం పగటిపూటే, మూడు గంటలు. రాత్రి వద్దని గట్టిగా చెబుతాను. పసుపు కాంతినిచ్చే బల్బు కింద తెల్లటి అట్టమీద వేసిన లేత పసుపు కంటికి ఆనదు, నీలం మసకగా కనబడుతుంది. బాగా కలిపానని సంతోషపడ్డ రంగు తెల్లవారాక చూస్తే వేరేదై కూర్చుంటుంది. కిటికీ పక్కకు బల్ల జరిపితే దీపం ఖర్చు కూడా ఉండదు. ఎండ నేరుగా మాత్రం పడకూడదు, రంగు కుంచె మీదే ఆరిపోతుంది.

పిలిచేటప్పుడు నేను పంపే సందేశం ఇంతే: “పాత చొక్కా ఒకటి, పాత నూలుగుడ్డ ఒకటి, ఖాళీ గాజుసీసాలు రెండు తెచ్చుకో. రంగులు, కుంచెలు, అట్టలు నా దగ్గరున్నాయి. బొమ్మలు వేయడం రావాల్సిన పని లేదు.” డబ్బు పంచుకోవడం ఇష్టపడే బృందమైతే రంగుల ఖర్చు సమానంగా వేసుకోవచ్చు. మేం వేరే పద్ధతి పెట్టుకున్నాం. ఏ రంగు అయిపోతే ఆ ఒక్క గొట్టం తర్వాతిసారి ఎవరో ఒకరు తెస్తారు. మొదటి కొనుగోలు తర్వాత ఎవరి మీదా పెద్దగా భారం పడలేదు.

రంగులు

తైలవర్ణాలు ఈ పనికి పనికిరావు. అవి ఆరడానికి రోజులు పడుతుంది, కుంచెలు కడగడానికి టర్పెంటైన్ కావాలి, మూసిన గదిలో దాని వాసన తలనొప్పి తెస్తుంది. పోస్టర్ కలర్లు అందరికీ అందుబాటులో ఉండేవే కానీ, వాటిలో ఒక చిక్కు ఉంది. ఆరాక కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతాయి. ఆకాశం వేసి దానిమీద కొండ వేయబోతే కింది రంగు లేచి పైదాంట్లో కలిసిపోతుంది. కొత్తవాళ్లు అక్కడే నిరుత్సాహపడతారు.

అక్రిలిక్ రంగులు వాడండి. తడిగా ఉన్నంతసేపు నీళ్లతో కలుస్తాయి, నీళ్లతో కడుక్కోవచ్చు. పలుచటి పూత పది ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరాక నీళ్లు పోసినా కదలదు కాబట్టి దానిమీద నిశ్చింతగా ఇంకో పూత వేయవచ్చు. తప్పు చేసినా ఆరనిచ్చి దానిమీద తెలుపు వేసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కొత్తవాళ్లకు ఇంతకంటే భరోసా ఏం కావాలి?

రంగులు ఐదు చాలు: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు. ఇరవైనాలుగు చిన్న గొట్టాల బదులు ఈ ఐదూ పెద్ద గొట్టాల్లో కొనండి. తెలుపు మిగతావాటికి రెట్టింపు పరిమాణంలో తీసుకోండి, ఎందుకంటే ఆకాశం, నీరు, దూరపు కొండ, మబ్బు, చంద్రుడు అన్నిట్లోనూ అదే ఖర్చవుతుంది. నలుపు నేను కొనను. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ అంబర్ కలిపితే నలుపుకు దగ్గరగా ఒక ముదురు రంగు వస్తుంది. గొట్టంలోంచి వచ్చే నలుపుకంటే అది సజీవంగా ఉంటుంది. నీలం పాలు కాస్త పెంచితే చల్లటి రాత్రి నీడ, గోధుమరంగు పాలు పెంచితే చెట్టు మానుకు సరిపోయే వెచ్చటి నీడ.

ఎరుపు ఎంచుకోవడంలో జాగ్రత్త. నారింజ వైపు మొగ్గే ఎరుపును నీలంతో కలిపితే ఊదారంగు రాదు, బురదరంగు వస్తుంది. గులాబీ వైపు మొగ్గే క్రిమ్సన్ అందుకే. ఇంకొక మాట, ఎప్పుడూ లేత రంగులోకి ముదురు రంగును కొంచెం కొంచెంగా కలపాలి. పసుపులో కుంచె కొసతో నీలం చేర్చితే చాలు, పచ్చగా మారిపోతుంది. అదే నీలంలో పసుపు పోస్తూ పోతే గొట్టం సగమైనా కోరుకున్న ఆకుపచ్చ రాదు. రంగుల ఖర్చును తగ్గించే చిట్కా నాకు తెలిసినంతలో ఇదొక్కటే అతి పెద్దది.

గొట్టాల మీద స్టూడెంట్ గ్రేడ్, ఆర్టిస్ట్ గ్రేడ్ అని ఉంటుంది. మొదటిదాంట్లో అసలు రంగుపొడి తక్కువ, నింపడానికి వాడే తెల్లపొడి ఎక్కువ. మన పనికి అదే సరిపోతుంది. తెలుపు ఒక్కటి మాత్రం మంచిది కొనండి. నాసిరకం తెలుపు కిందిరంగును కప్పలేక రెండు మూడు పూతలు అడుగుతుంది, చివరికి మంచిదానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. గొట్టం మీద విషపదార్థాల హెచ్చరిక ఉందేమో కూడా చదవండి. కాడ్మియం కలిసిన పసుపులూ ఎరుపులూ పదిమంది చేతులు పడే బల్ల మీద వద్దు.

అట్టలు: ముందురోజు పని

కాన్వాసు మానేశాక నేను రెండు రకాలు వాడి చూశాను. పార్శిల్ పెట్టెల అట్ట ఉచితంగా దొరుకుతుంది. పుస్తకాల బైండింగుకు వాడే గట్టి అట్ట కొనాలి కానీ పెద్ద షీటు ఒకటి కొంటే ఆరు ముక్కలకు పైగా వస్తాయి. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు ఉండేలా కోస్తాను. అంతకంటే పెద్దదైతే మూడు గంటల్లో పూర్తికాదు, చిన్నదైతే పెద్ద కుంచె తిరగదు.

అట్టను అలాగే వాడితే రంగును పీల్చేసుకుంటుంది. పైగా వంకర తిరుగుతుంది. మొదటిసారి ఒకవైపే పూత వేసి రాత్రి పడుకుంటే పొద్దున్నకు అట్టలన్నీ పడవల్లా ముడుచుకుని ఉన్నాయి. తడికి ఒకవైపు కాగితం సాగి, ఆరేటప్పుడు పూతతోపాటు బిగుసుకుని లాగేస్తుంది. విరుగుడు తేలిక. వెనకవైపు కూడా అదే పూత వేయాలి. రెండువైపులా సమానంగా లాగితే అట్ట చదునుగా నిలుస్తుంది.

పూతకు చిత్రకారులు వాడేది గెస్సో. సుద్దపొడి, తెల్లటి రంగుపొడి, పట్టి ఉంచే జిగురు కలిసిన ద్రవం అది. దాని బదులు గోడలకు వేసే, నీళ్లతో కలిసే తెల్ల ప్రైమరు వాడతాను. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన డబ్బా అడుగున ఉండేదే ఆరుగురికీ సరిపోతుంది. కొద్దిగా నీళ్లు కలిపి, ఒక పూత అడ్డంగా, గంట ఆరాక రెండోది నిలువుగా. నిలువూ అడ్డమూ వేస్తే అట్టమీద నేతబట్టలాంటి సన్నటి గరుకు వస్తుంది, కుంచెకు పట్టు దొరుకుతుంది. నూరేళ్లు నిలవాల్సిన బొమ్మకు ఇది తగదు. అట్టలోని ఆమ్లం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగు తేలుతుంది. ఒక మధ్యాహ్నపు సరదాకు, ఆ తర్వాత గోడమీద కొన్నేళ్ల ముచ్చటకు మాత్రం నిక్షేపంగా పనికొస్తుంది.

కాగితమే కావాలంటే 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్న మందపాటిది తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీటు తడికి ఉబ్బి అలలు అలలుగా లేస్తుంది.

కుంచెలు, బల్ల

మనిషికి మూడు కుంచెలు: ఒక అంగుళం వెడల్పు చదునైనది, 8 లేదా 10 నంబరు చదునైనది, 4 నంబరు గుండ్రటిది. అన్నీ సింథటిక్ వెంట్రుకలవే. 1 నంబరు సన్నకుంచె అందరికీ కలిపి ఒకటి. కొనేటప్పుడు వెంట్రుకలను మెల్లగా లాగి చూడండి, ఊడివస్తే వద్దు. ఆరిన ఆకాశంలో అతుక్కుపోయిన వెంట్రుకను గోటితో పీకితే రంగు కూడా ఊడి వస్తుంది.

మిగతా పనిముట్లు ఇంట్లోవే. పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే స్పాంజిలోంచి కోసిన ముక్క, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు, కాలం చెల్లిన ప్లాస్టిక్ కార్డు. కార్డు అంచుకు రంగు అద్ది అట్టమీద నిలువుగా తాకిస్తే గడ్డిపరకలు వస్తాయి. దూదిపుల్లతో చుక్కలు పెడితే దూరపు పూలగుత్తులు.

రంగులు కలుపుకోవడానికి పళ్లాలు కావాలి. అక్రిలిక్ తొందరగా ఆరడం మంచిదే కానీ, పళ్లెంలో కూడా అంతే తొందరగా ఆరిపోతుంది. దానికి నేను చేసేది ఇది: వెడల్పాటి పళ్లెంలో గుడ్డను నాలుగు మడతలు వేసి, నీళ్లతో తడిపి పరుస్తాను. నీళ్లు తేలకూడదు, వేలితో నొక్కితే చెమ్మ ఊరాలి. దానిమీద బటర్ పేపరు ముక్కను గాలి బుడగలు లేకుండా అదిమి, రంగులు ఆ కాగితం మీద పెడతాను. కింది చెమ్మ కాగితంలోంచి కొద్దికొద్దిగా పైకి వస్తూ ఉంటుంది, రంగు మూడు గంటలూ మెత్తగానే ఉంటుంది. ఈ ఏర్పాటు చేసుకున్నాక మా రంగుల వృథా సగానికి సగం తగ్గింది. ఒక్కొక్క రంగు మొదట బొటనవేలి గోరంతే పెట్టండి, తెలుపు మాత్రం దానికి మూడింతలు. అయిపోతే మళ్లీ పిండుకోవచ్చు.

బల్ల మీద ముందు ప్లాస్టిక్ షీటు, దానిమీద పాత దుప్పటి పరచి అంచులకు మాస్కింగ్ టేపు వేయండి. న్యూస్ పేపర్లే పరిస్తే అవి తడిసి మోచేతులకూ అట్టల వెనకా అంటుకుంటాయి. మనిషికి రెండు సీసాల నీళ్లు, ఒకటి మురికి కుంచె ముంచడానికి, రెండోది ఆ తర్వాత జాడించడానికి. ఈ రెండోది లేకపోతే గంట తిరిగేసరికి పసుపు బూడిదరంగులోకి దిగుతుంది.

తాగడానికి ఇచ్చేవి ఎప్పుడూ పిడి ఉన్న కప్పుల్లోనే ఇవ్వండి, అదీ వేరే బల్ల మీద. రంగునీళ్ల సీసా, తాగే గ్లాసు ఒకేలా ఉంటే ఎవరో ఒకరు పరధ్యానంగా కుంచెను తాగేదాంట్లో ముంచుతారు, లేదా అంతకంటే ప్రమాదంగా, రంగునీళ్లు నోటిదాకా తీసుకెళతారు. తినేది ఏదైనా చేతులు కడుక్కున్నాకే, విరామంలో.

ఏ బొమ్మ వేయాలి

“ఎవరికి నచ్చింది వాళ్లు వేయండి” అనవద్దు. వినడానికి ఉదారంగా ఉంటుంది కానీ, కొత్తవాళ్లకు అంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఫోనులో బొమ్మలు వెతకడంలోనే మొదటి గంట గడిచిపోతుంది. అందరికీ ఒకే బొమ్మ ఇవ్వండి. ఎవరికైనా మార్చుకోవాలనిపిస్తే మధ్యలో వాళ్లే మార్చుకుంటారు. నేను ఎక్కువసార్లు పెట్టింది సాయంకాలపు ఆకాశం, మూడు వరసల కొండలు, కింద చెరువు, ఒడ్డున ఒక చెట్టు. మనుషులు, ఇళ్లు, జంతువులు మొదటిసారి వద్దు, కొలతలు తప్పితే వెంటనే తెలిసిపోతుంది. చెట్టుకొమ్మ వేలెడు పక్కకు పోతే అడిగేవారు లేరు.

ముందురోజు మీరు ఒకటి పూర్తిగా వేసి చూడండి. ఎక్కడ ఆరడానికి ఎంతసేపు పట్టింది, ఏ రంగు ఎంత అయింది, అన్నీ అప్పుడే తెలుస్తాయి. ఆ బొమ్మను పార్టీ రోజు బల్లమీద కాకుండా గది అవతలి గోడకు పెట్టండి. దగ్గరుంటే దాన్ని చూసి గీతగీతా దింపాలని చూస్తారు.

వేసే క్రమం

అట్ట నాలుగు అంచులకూ సెంటీమీటరు వెడల్పున మాస్కింగ్ టేపు వేయిస్తాను. టేపును ముందు ఒకసారి చొక్కాకు అంటించి తీస్తే జిగురు కాస్త తగ్గి, చివర్లో అట్టను చింపకుండా ఊడుతుంది.

ఆ వెంటనే, ఎవరూ ఆలోచించే వ్యవధి లేకుండా, తెలుపును పోగొట్టాలి. పసుపులో కొంచెం క్రిమ్సన్ కలిపి, నీళ్లతో బాగా పలుచన చేసి, పెద్ద కుంచెతో అట్టంతా పూసేయమంటాను. పెన్సిలు లేదు, కొలతలు లేవు. పూత ఎగుడుదిగుడుగా ఉన్నా పరవాలేదు. ఐదు నిమిషాల్లో ఆరుగురి ముందూ నారింజరంగు అట్టలు ఉంటాయి. అప్పుడు గదిలో మాటలు మొదలవుతాయి. నేను ప్రతిసారీ గమనించాను. అప్పటిదాకా గొంతు సవరించుకుంటూ కూర్చున్నవాళ్లు కూడా పక్కవాళ్ల అట్టలోకి తొంగిచూస్తారు. ఈ అడుగుపూత తర్వాత కూడా పనిచేస్తుంది. పైన వేసే నీలం సందుల్లోంచి అక్కడక్కడా తొంగిచూసి సాయంకాలపు వెచ్చదనం ఇస్తుంది.

అది ఆరాక అట్టను మూడు భాగాలనుకుని, కింది భాగం మొదలయ్యే చోట సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత. అది నీటి అంచు. సుద్ద తడిగుడ్డతో తుడిస్తే పోతుంది కాబట్టి పెన్సిలు కంటే మంచిది.

ఆకాశానికి నాలుగు చిన్న కుప్పలు ముందే కలిపి పెట్టుకోవాలి: నీలం తెలుపు కలిసింది, అందులో కొంచెం క్రిమ్సన్ చేర్చిన లేత ఊదా, క్రిమ్సన్ తెలుపు కలిసిన గులాబీ, పసుపు తెలుపు కలిసింది. పైనుంచి కిందికి ఈ వరసలోనే వేయాలి. నీలం పక్కనే పసుపు వేస్తే రెండూ కలిసే చోట ఆకాశం పచ్చబడుతుంది. మధ్యలో ఊదా, గులాబీ కాపలా ఉంటే ఆ గొడవ ఉండదు. కుంచె ఈ అంచునుంచి ఆ అంచుకు, అడ్డంగా, ఆపకుండా సాగాలి. ఒక్కో పట్టీ కింది పట్టీని కాస్త తాకాలి. రంగు తడిగా ఉండగానే అంచులు కలపాలి కాబట్టి ఇక్కడ మాత్రం పది నిమిషాలు కబుర్లు ఆపమంటాను. నీళ్లు అదే ఆకాశం తలకిందులుగా: అంచు దగ్గర పసుపు, కిందికి వచ్చేకొద్దీ గులాబీ, ఊదా, నీలం. ఆకాశానికి కలిపిన రంగుల్లోనే అంబర్ చిటికెడు చేర్చి ఒక మెట్టు ముదురు చేస్తే అది నీరని కన్ను నమ్ముతుంది.

ఇప్పుడు అందరూ కుంచెలు కడిగి లేవాలి. పావుగంట విరామం. ఫ్యాను కింద పెడితే పది నిమిషాలు. తినేవీ తాగేవీ ఇప్పుడే. ఆరాక రంగులు ఒక మెట్టు ముదురుతాయని ముందే చెప్పండి, లేకపోతే తిరిగి వచ్చి చూసి కంగారుపడతారు. అక్రిలిక్‌లో ఉండే జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక గాజులా మారుతుంది. ఆ తెల్లదనం పోవడంతో అసలు రంగు బయటపడుతుంది.

ఈ విరామంలో నేను అల్ట్రామెరైన్ కథ చెబుతాను. మా చేతుల్లో ఇంత చవకగా ఉన్న ఈ నీలం కొన్ని శతాబ్దాలపాటు యూరప్ చిత్రకారులకు అందని పండు. అఫ్గానిస్థాన్‌లోని బదఖ్‌షాన్ గనుల్లో దొరికే లాపిస్ లజూలీ అనే రాయిని నూరి దాన్ని తీసేవారు. సముద్రాలు దాటి వచ్చింది కాబట్టి ఆ పేరు, అల్ట్రామెరైన్ అంటే సముద్రానికి ఆవలిది అని. బంగారంతో సమానంగా చూసుకునేవారు. 1824లో ఫ్రాన్స్‌లో ఒక పరిశ్రమల ప్రోత్సాహక సంఘం, ఈ నీలాన్ని చవకగా తయారుచేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో జాన్ బాప్టిస్ట్ గిమే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని గెలుచుకున్నాడు. తెల్లబంకమన్ను, సోడా, గంధకం లాంటివి కలిపి కొలిమిలో కాల్చి తీసే నీలం అది. ఈ గొట్టంలో ఉన్నది దాని వారసురాలే అని చెప్పినప్పుడు, గొట్టం అడుగునుంచి జాగ్రత్తగా నొక్కి తీయడం అందరూ తమంతట తామే మొదలుపెడతారు.

విరామం తర్వాత కొండలు. అల్ట్రామెరైన్, అంబర్ కలిపి ముదురు రంగు ఒక్కసారే చేసుకుని మూడు కుప్పలుగా విడదీయండి. ఒకదాంట్లో తెలుపు బాగా, ఒకదాంట్లో కొంచెం, మూడోదాంట్లో అసలు వద్దు. లేతది అన్నిటికంటే వెనక కొండ, ముదురుది ముందు కొండ. దూరపు వస్తువుకూ మనకూ మధ్య ఉన్న గాలి నీలికాంతిని వెదజల్లుతుంది కాబట్టి దూరమయ్యేకొద్దీ కొండలు లేతగా, నీలంగా కనబడతాయి. వెనకదాంతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ ఆరాక ముందుదానికి రావాలి. మూడో కొండ పడేసరికి అట్టలో లోతు పుడుతుంది. “అబ్బ, దూరం కనిపిస్తోందే!” అని ఎవరో ఒకరు పైకే అంటారు. ఈ పార్టీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

చెట్టుకు ముదురు రంగును పాలంత పలుచన చేసి గుండ్రటి కుంచెతో వేయాలి. మొదట్లో కుంచెను గట్టిగా నొక్కి, పైకి పోయేకొద్దీ చెయ్యి తేలిక చేస్తూ, చివర గాల్లోకి లేపేయాలి. మాను లావుగా మొదలై కొమ్మ కొస సన్నగా తేలుతుంది. చెయ్యి వణికితే వణకనివ్వండి, కొమ్మకు ఆ వంకరే అందం. మొదట్లో కాన్వాసు ముందు కదలకుండా కూర్చుందని చెప్పానే, ఆ స్నేహితురాలు వేసిన చెట్టు ఇప్పుడు మా అందరి బొమ్మల్లోకీ బాగుంటుంది. ఆమె కొమ్మను ఊపిరి వదులుతూ వేస్తుంది.

ఆకులకు స్పాంజిముక్క. దాన్ని తడిపి గట్టిగా పిండి, రంగు అద్ది, ముందు పాత కాగితం మీద రెండుసార్లు తాకించి, ఆ తర్వాతే చెట్టు మీదకు తేవాలి. ప్రతి అద్దుకూ మణికట్టు కాస్త తిప్పాలి, లేకపోతే ఒకే ముద్ర వరసగా పడి అచ్చు గుద్దినట్టు కనబడుతుంది. ఆకుల మధ్య ఆకాశం కనిపించే సందులు వదలడం మరవద్దు. కొత్తవాళ్లు ఇక్కడ ఆగలేరు, చెట్టు నల్లటి ముద్దయ్యేదాకా అద్దుతూనే పోతారు. “ఇంక నాలుగు అద్దులే” అని పక్కన నిలబడి లెక్కపెట్టాల్సి వస్తుంది.

నక్షత్రాలు కావాలంటే టూత్‌బ్రష్ మీద పలుచటి తెలుపు తీసుకుని, అట్టకు అడుగు దూరంలో పట్టి, బొటనవేలితో వెంట్రుకలను వెనక్కి లాగి వదలాలి. చెట్టు, కొండలు ముందే కాగితంతో కప్పండి. పక్కవాళ్ల అట్టను కూడా. చంద్రుడికి సీసామూత అంచు చుట్టూ సుద్దతో గీసి లోపల నింపితే చాలు.

పేరు రాయించండి. “ఇదేం బొమ్మ, పేరు దేనికి” అని తప్పించుకోబోతారు. వదలవద్దు, కింద మూలన తేదీతో సహా రాయించండి. ఆ తర్వాత టేపును ఏటవాలుగా, నెమ్మదిగా లాగండి. చుట్టూ శుభ్రమైన తెల్లటి అంచు తేలగానే అప్పటిదాకా అట్టగా ఉన్నది బొమ్మ అవుతుంది. ఆరూ గోడకు వరసగా నిలబెట్టి పది అడుగుల దూరంనుంచి చూడండి. ఒకే కొండలు, ఒకే చెరువు, ఐదే రంగులు, అయినా ఒకరిది వాన వచ్చే ముందు, ఒకరిది అప్పుడే పొద్దు గుంకాక.

కడగడం

కుంచెలను నీళ్ల సీసాలో నిలబెట్టి వదిలేయవద్దు. వెంట్రుకలు వంగిపోతాయి, కాడలోకి నీరెక్కి కర్ర ఉబ్బుతుంది. ముందు గుడ్డతో రంగు తుడిచి, తర్వాత సబ్బు రాసి అరచేతిలో రుద్ది, వేళ్లతో కొస సర్ది, పడుకోబెట్టి ఆరబెట్టండి. కుంచెలో అక్రిలిక్ ఒకసారి గట్టిపడితే ఆ కుంచె మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇలా చూసుకున్నందుకే మా మొదటి ఏడాది కుంచెలు ఇంకా పనిచేస్తున్నాయి.

బట్టమీద రంగు పడితే అప్పటికప్పుడే చల్లటి నీళ్లూ సబ్బూ. ఆరిపోతే మాత్రం చేతులకు రాసుకునే శానిటైజరుతో నానబెట్టి రుద్దితే కొంత మెత్తబడి వస్తుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. రంగునీళ్లను వెంటనే సింకులో పోయకండి. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున బురద చేరుతుంది. పైనీళ్లు పారబోసి, ఆ బురదను పాత కాగితంలో ఆరబెట్టి చెత్తలో వేస్తే సింకు గొట్టాలు మూసుకుపోవు.

పళ్లేలలో ఎంత జాగ్రత్తపడ్డా కాస్త రంగు మిగులుతుంది. నేను ఆరు పళ్లేలలోదీ ఒకచోటికి గీకి, కొద్దిగా నీళ్లు పోసి కలుపుతాను. ఎప్పుడూ ఒక పేరులేని రంగు వస్తుంది, ఒకసారి మట్టిరంగు, ఒకసారి వానమబ్బు రంగు. అందరూ వెళ్లాక దాన్ని మిగిలిన అట్టముక్కల మీద పెద్ద కుంచెతో పూసి ఆరబెడతాను. తర్వాతిసారి మొదటిసారిగా వచ్చేవాళ్లకు ఆ అట్టలు ఇస్తాను.